ఐ7 కొనాలా? ముందు పెళ్లిళ్ల లెక్క చూద్దాం

ప్రశ్న: మిర్యాలగూడలో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. కంప్యూటర్ కొని పదేళ్లు దాటింది. ఇంటెల్ ఐ5-4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆల్బమ్ డిజైనింగ్ ఎలాగో నెట్టుకొస్తున్నాను కానీ, పెళ్లి వీడియో తెరిస్తే బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది. అందుకే వీడియో పని బయటి ఎడిటర్‌కు ఇస్తున్నాను, పెళ్లికి 4,000 రూపాయలు. పోయిన ఏడాది 22 పెళ్లిళ్లు చేశాను. షాపులో ఐ7 సెట్టు 85,000 అన్నారు. 13,000 కడితే మిగతాది నెలకు 3,720 చొప్పున 24 నెలలట, రూపాయి వడ్డీయేనట. అక్కడే పన్నెండో తరం ఐ5 సెట్టు 48,000. తెలిసిన మెకానిక్ మాత్రం పాత దాంట్లోనే 5,000కు సెకండ్ హ్యాండ్ ఐ7-4770, 4,000కు హార్డ్ డిస్క్ బదులు దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలంటున్నాడు. చేతిలో 60,000 ఉన్నాయి గానీ అవి అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు. ముహూర్తాలున్న నెలల్లో అన్ని ఖర్చులూ పోను 20,000 వరకు మిగులుతుంది. ఆషాఢంలో, మూఢంలో ఇల్లు గడవడమే కష్టం. మూడు పెళ్లిళ్ల వీడియోలు ఇంకా ఇవ్వాల్సి ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రూపాయి వడ్డీ సంగతి ముందు తేల్చేద్దాం. మీరు తీసుకునేది 72,000. నూటికి రూపాయి చొప్పున నెలకు 720, రెండేళ్లకు 17,280. ఇంతవరకు షాపతను చెప్పింది నిజమే. కానీ ప్రతి నెలా మీరు అసలులో 3,000 తీర్చేస్తుంటే, వడ్డీ మాత్రం మొదటి నెల 72,000 మీద ఎంతో చివరి నెల మిగిలిన 3,000 మీదా అంతే: 720. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే ఇది ఏడాదికి దాదాపు ఇరవై ఒకటిన్నర శాతం. మన భాషలో నూటికి రూపాయి ఎనభై పైసలు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అప్పు అడగడానికి వెనకాడేవాళ్లు కూడా ఏసీ షాపులో కూర్చుని దీనికి సంతకం పెట్టి వస్తారు.

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది వడ్డీ కూడా కాదు. మీ ఆదాయం పంచాంగం చూసుకుని వస్తుంది, ఈఎంఐ బ్యాంకు క్యాలెండరు చూసుకుని వస్తుంది. మూఢం పట్టిన నెలలో కూడా అదే తేదీన 3,720 ఖాతాలో ఉండాలి. లేకపోతే చెక్కు తిరిగొచ్చినట్టే, దానికి వేరే జరిమానా.

ఇక ప్రాసెసర్ విషయం. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఒకే తరంలో మెట్లు మాత్రమే. తరం మారితే లెక్క మారిపోతుంది. ఈ పాఠం నేను సొంత డబ్బుతో నేర్చుకున్నాను. 2018లో మోజుపడి ఐ7 ల్యాప్‌టాప్ కొన్నాను. దాని పూర్తి పేరు ఐ7-7500యూ, అంటే ఏడో తరం. అందులో ఉన్నవి రెండే కోర్లు. అదే నెలలో మా ఆఫీసు కుర్రాడు నాకన్నా తక్కువ ధరకు కొన్నది ఎనిమిదో తరం ఐ5-8250యూ, అందులో నాలుగు కోర్లు! కోర్ అంటే పనిచేసే చెయ్యి అనుకోండి. థ్రెడ్ అంటే ఆ చేతికి ఒకేసారి అందించే పని. పెద్ద అంకె చూసి తక్కువ చేతులు కొనుక్కున్నాను. మీరు కూడా 'ఐ7 సెట్టు' అని మాత్రమే రాశారు. అది ఏ తరందో షాపతను చెప్పలేదా, మీరు అడగలేదా? వెనుక ఉండే అంకెలు, చివరి అక్షరంతో సహా కొటేషన్ మీద రాయించుకోకుండా ఏ ధర గురించీ మాట్లాడకండి.

మీ ఐ5-4570 ఇంటెల్ 2013లో తెచ్చిన నాలుగో తరం. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు. మెకానిక్ చెబుతున్న ఐ7-4770 కూడా అదే తరం, అవే నాలుగు కోర్లు, కాకపోతే ఎనిమిది థ్రెడ్లు. మీ మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో ఆరో తరం, ఆపైవి ఎక్కవు కాబట్టి ఆయన అది సూచించారు. 

అసలు మీ బొమ్మ ఎందుకు ఆగుతోందో డబ్బు తీయకముందే చూడొచ్చు. ఒక పెళ్లి క్లిప్ నడిపిస్తూ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ, మెమరీ, డిస్క్ అని మూడు గీతలు కదులుతుంటాయి. డిస్క్ నూరు శాతానికి అతుక్కుపోతే తప్పు ప్రాసెసర్‌ది కాదు, పాత హార్డ్ డిస్క్‌ది. మెమరీ నిండిపోతే ర్యామ్ చాలడం లేదు. సీపీయూ నూరుకు చేరి, వేగం గిగాహెర్ట్జ్‌లలో కిందికి పడుతుంటే వేడిని కూడా అనుమానించండి. మన జిల్లా ఎండలకు, పదేళ్ల దుమ్ముకు ఫ్యాన్ గాలి తోలలేక ప్రాసెసర్ తనను తాను నెమ్మదింపజేసుకుంటుంది. దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ మార్చడానికి వందల్లోనే అవుతుంది.

నా అనుమానం మాత్రం మీ కెమెరా మీద ఉంది. ఇప్పటి కెమెరాలు, డ్రోన్లు, ఫోన్లు చాలావరకు హెచ్.265 పద్ధతిలో వీడియోను కుదించి దాస్తాయి. దాన్ని విప్పే ప్రత్యేక విభాగం నాలుగో తరం ఇంటెల్‌లో లేదు. ఆ భారమంతా నాలుగు కోర్ల మీదే పడుతుంది. ఐ7-4770 వేసినా ఇదే కథ. పన్నెండో తరం ఐ5-12400లో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లతో పాటు ఈ పని చేసే గ్రాఫిక్స్ భాగం కూడా లోపలే ఉంటుంది. జాగ్రత్త, చివర 'ఎఫ్' ఉన్న 12400ఎఫ్‌లో ఆ భాగం పనిచేయదు. కొంచెం చవకని అది అంటగడితే విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాల్సి వస్తుంది.

ఇప్పుడు పెళ్లిళ్ల లెక్క. వీడియో మీరే ఎడిట్ చేసుకుంటే పెళ్లికి 4,000 మిగులుతుంది. 48,000 రాబట్టడానికి 12 పెళ్లిళ్లు. ఐ7 సెట్టుకు వడ్డీతో కలిపి 1,02,280 అవుతుంది, అంటే 26 పెళ్లిళ్లు. పోయిన ఏడాది మీరు చేసిందే 22. వరుస ముహూర్తాల్లో కొన్ని ఎలాగూ బయటికే పంపుతారు కాబట్టి ఏడాదికి 14, 15 మించి మీ చేతికి రావనుకుందాం. ఐ5 ఏడాది తిరగకుండా తన డబ్బు తాను తెచ్చుకుంటుంది, ఐ7కు దాదాపు రెండేళ్లు పడుతుంది. ఐ7 మీద ఎక్స్‌పోర్ట్, అంటే ఎడిట్ అయ్యాక చివరి వీడియో ఫైలు తయారవడం, కొంత ముందే అయిపోవచ్చు. కానీ రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకునే మీకు ఆ తేడా వల్ల ఇంకో పెళ్లి ఆర్డరు రాదు.

అమ్మాయి ఫీజు 60,000 ముట్టుకోవద్దు. ఇప్పటికి ఆ 4,000 ఎస్‌ఎస్‌డీ మాత్రం వేయించండి. అది రేపు కొత్త సెట్టులోకి మారుతుంది, వృథా పోదు. పాత ఐ7కు 5,000, పాత బోర్డుకు పాత రకం డీడీఆర్3 ర్యామ్ రెండూ వద్దు, అవి ఈ డబ్బాతోనే మూలపడతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీ అనే సౌకర్యం చూడండి. పెద్ద ఫైళ్లకు చిన్న నకళ్లు తయారుచేసి వాటి మీద ఎడిట్ చేయనిస్తుంది, చివరి ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల నుంచే వస్తుంది. పైసా ఖర్చు లేదు. ఒకటి రెండు పెళ్లిళ్లు అలా చేసి చూస్తే మీకు ఎడిటింగ్ ఓపిక ఉందో లేదో కూడా తేలుతుంది. శ్రావణం, ఆశ్వయుజం, కార్తీకం, ఈ మూడు నెలల మిగులు వేరే ఖాతాలో వేస్తే 48,000 సెట్టు నగదుకే వస్తుంది. అప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కూడా అదే ప్రాసెసర్ నంబరు చెప్పి ధర అడగండి. బస్సు చార్జీ గిట్టుబాటు అవుతుందో లేదో మీకే తెలుస్తుంది.

అంతకన్నా ఆలస్యం మాత్రం చేయొద్దు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం, ఆపైవే అర్హం. కొత్తది వచ్చేదాకా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేయకండి.

మార్చి 31లోపు కొంటే పన్ను తగ్గుతుందని ఎవరైనా అంటే ఒక్కమాట. టర్నోవరు మీద 8 శాతం, డిజిటల్ వసూళ్ల మీద 6 శాతం లాభంగా చూపే పద్ధతిలో మీరు రిటర్ను వేస్తుంటే కంప్యూటర్ తరుగుదలను (వాడకంతో తగ్గే విలువను) విడిగా ఖర్చుగా చూపుకోలేరు. పూర్తి ఖాతాపుస్తకాలు రాసేవారికే ఏడాదికి 40 శాతం వస్తుంది, ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే బిల్లులోని 18 శాతం కూడా వెనక్కి రాదు.

ఇక ఆ మూడు పెళ్లిళ్లు. ఇంకా ఇవ్వని వీడియోలు పదేళ్ల నాటి హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయా? జీలకర్రబెల్లం, తాళి ఘట్టం మళ్లీ తీయలేరు కదా. ఎస్‌ఎస్‌డీ కన్నా ముందు, ఈ సాయంత్రమే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి వాటిని కాపీ చేయండి.