మీ ప్రశ్నలు – మా జవాబులు: స్టాలిన్ పాలన గురించి ఏం చదవాలి?

ప్రశ్న: మా తాతగారి బీరువాలో సోవియట్ కాలపు తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిలో స్టాలిన్ మహానాయకుడు. నేను ఈమధ్య చూస్తున్న వీడియోల్లో అతనే నరహంతకుడు. రెండు పక్షాలవాళ్లూ తిట్టుకోవడమే తప్ప ఆధారాలు చూపించడం లేదు. చరిత్రకారులు రాసినవాటిలో నమ్మదగిన పుస్తకాలేవో, ఏ వరుసలో చదవాలో చెప్పగలరా? ఇంగ్లీషులో ఉన్నా చదువుకోగలను.
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: స్టాలిన్ మీద పుస్తకం ఎంచుకునేటప్పుడు రచయిత ఏ పక్షం మనిషో చూసేకంటే, ఆ పుస్తకం ఏ సంవత్సరంలో వచ్చిందో ముందు చూడండి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి, మాస్కోలోని పార్టీ, ప్రభుత్వ దస్తావేజులు పరిశోధకుల చేతికి అందేదాకా, ఆ చరిత్ర రాసినవాళ్లకు ఉన్న ఆధారాలు కొద్ది: ప్రాణాలతో బయటపడ్డవాళ్ల జ్ఞాపకాలు, అధికారిక పత్రికలు, 1956 ఫిబ్రవరి 25న పార్టీ 20వ మహాసభలో, స్టాలిన్ తర్వాత అధికారంలోకి వచ్చిన కృశ్చేవ్ అతని నేరాలను ఎండగడుతూ చేసిన రహస్య ప్రసంగం, అలాంటివి మరికొన్ని. తర్వాతి తరానికి స్టాలిన్ స్వయంగా సంతకం పెట్టిన కాగితాలే దొరికాయి. మీరు ఈ కొత్త తరం పుస్తకాలతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. పాతవాళ్లు ఎక్కడ సరిగ్గా పట్టుకున్నారో, ఎక్కడ గురి తప్పారో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఒక్క పుస్తకమే చదవగలిగితే ఒలేగ్ ఖ్లెవ్‌న్యూక్ రాసిన ‘స్టాలిన్: న్యూ బయోగ్రఫీ ఆఫ్ ఎ డిక్టేటర్’ (2015) చదవండి. ఆయన రష్యా ప్రభుత్వ దస్తావేజుల మధ్యనే ఏళ్ల తరబడి పనిచేసిన చరిత్రకారుడు. కాగితం చెప్పనిదాన్ని తాను చెప్పడు. పుస్తకం కూర్పు కూడా బాగుంటుంది. 1953 మార్చి మొదటి రోజుల్లో మాస్కో శివార్లలోని విడిది ఇంట్లో స్టాలిన్ చావుబతుకుల్లో ఉన్న ఘట్టాన్ని ముక్కలు ముక్కలుగా చెబుతూ, ఆ ముక్కల మధ్యలో జీవిత చరిత్రను వరుసగా నడిపిస్తాడు. పిలవకుండా గదిలోకి వెళ్లడానికి కాపలావాళ్లకు ధైర్యం చాలదు. పక్షవాతం వచ్చి నేలమీద పడి ఉన్నాడని తెలిశాక కూడా మర్నాటి ఉదయానికి గానీ వైద్యులు రారు. అంతకు రెండు నెలల ముందే, జనవరిలో, పేరున్న వైద్యులను హంతకుల ముఠాగా పత్రికల్లో ప్రకటించి జైల్లో పెట్టించిన మనిషి అతను. ఆ పాలన ఎలా పనిచేసిందో ఈ గది ఒక్కటే సగం చెబుతుంది.

ఓపిక ఉంటే తర్వాత స్టీఫెన్ కోట్కిన్ రాసిన రెండు సంపుటాలు (2014, 2017) ఉన్నాయి. 1878లో పుట్టుక నుంచి 1941లో హిట్లర్ దాడి దాకా నడిచే ఈ రెండూ దిండ్లంత లావుగా ఉంటాయి. కోట్కిన్ వాదన సూటిగా ఉంటుంది: స్టాలిన్ అధికార దాహంతో సిద్ధాంతాన్ని ముసుగుగా వాడుకున్నవాడు కాదు, ఆ సిద్ధాంతాన్ని నిజంగానే నమ్మినవాడు, రైతుల భూములను బలవంతంగా సమష్టి క్షేత్రాల్లో కలపడానికి అతను తెగించింది ఆ నమ్మకంతోనే. నాకు ఈ వాదన చాలావరకు ఒప్పుదలే. సైమన్ సీబాగ్ మాంటిఫియోరి రాసిన ‘ద కోర్ట్ ఆఫ్ ద రెడ్ జార్’ (2003) నవలలా చదివిస్తుంది. విందులు, భార్యలు, అసూయలు, తెల్లవార్లూ తాగుళ్లు అందులో దండిగా ఉన్నాయి. అయితే క్రెమ్లిన్ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ ఊళ్లలో ఏం జరుగుతోందో మనకు కనిపించదు కాబట్టి, దాన్ని మొదటి పుస్తకంగా మాత్రం చదవకండి.

ఊళ్లలో జరిగినదే ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద విషయం. 1932–33 కరువు మీద మూడు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మొదటిది రాబర్ట్ కాంక్వెస్ట్ 1986లో రాసిన ‘ద హార్వెస్ట్ ఆఫ్ సారో’. లోకం మరిచిపోయిన ఉక్రెయిన్ కరువును విస్తృతంగా చర్చకు తెచ్చిన పుస్తకం అది. రెండోది ఆర్. డబ్ల్యు. డేవిస్, స్టీఫెన్ వీట్‌క్రాఫ్ట్ కలిసి రాసిన ‘ద ఇయర్స్ ఆఫ్ హంగర్’ (2004). దస్తావేజుల్లోని ధాన్యం లెక్కలన్నీ తవ్వితీసిన ఈ ఇద్దరూ, దేశమంతటా 55 నుంచి 65 లక్షల మంది చనిపోయారని అంచనా కట్టి, స్టాలిన్ విధానాలే అందుకు కారణమని ఒప్పుకుంటూనే, జనాన్ని చంపాలన్న పథకంతో తెచ్చిన కరువు కాదది అంటారు. మూడోది ఆన్ ఆపిల్‌బామ్ రాసిన ‘రెడ్ ఫామిన్’ (2017). ఉక్రెయిన్ విషయంలో ఆమె ఆ తీర్పును ఒప్పుకోదు. 1932 ఆగస్టు 7 చట్టం ప్రకారం సమష్టి పొలంలో పరిగె ఏరుకున్నా పదేళ్ల శిక్షో, మరణశిక్షో పడేది. ధాన్యం బాకీ తీర్చని ఊళ్లకు సరుకులు ఆపేశారు. 1933 జనవరిలో ఆకలితో ఊరు విడిచి పోయే రైతులను ఉక్రెయిన్, కుబాన్ ప్రాంతాల సరిహద్దుల్లో అడ్డుకోమని ఆదేశం వెళ్లింది. తప్పుడు విధానం ఒక్కటే అయితే ఈ చివరి ఆదేశం దేనికి? నా మొగ్గు ఇక్కడ ఆపిల్‌బామ్ వైపే. కానీ డేవిస్, వీట్‌క్రాఫ్ట్‌ల లెక్కలు చదవనివాళ్లు ఈ చర్చలో నోరు విప్పకపోవడం మంచిది.

ఈ చర్చలో కజకిస్తాన్ తరచుగా మరుగున పడిపోతుంది. పశువుల మందలతో తిరిగే జనాన్ని బలవంతంగా ఒకచోట నిలిపి, మందలను లాక్కోవడంతో అక్కడ దాదాపు 15 లక్షల మంది చనిపోయారు. సారా కామెరాన్ రాసిన ‘ద హంగ్రీ స్టెప్’ (2018) చిన్న పుస్తకమే, తప్పక చదవండి.

1937–38లో లక్షల మందిని అరెస్టు చేసి, కాల్చి చంపిన ‘మహా బీభత్సం’ దస్తావేజులు కళ్లారా చూడాలని ఉంటే ఆర్చ్ గెట్టీ, ఒలేగ్ నౌమోవ్ కూర్చిన ‘ద రోడ్ టు టెర్రర్’ (1999) తీసుకోండి. నాటి పార్టీ రహస్య పత్రాలను ఇంగ్లీషులోకి తెచ్చి వ్యాఖ్యతో ఇచ్చారు. మీరు అడిగిన ఆధారాలు ఈ రకానివే. 1937 జులై 30న రహస్య పోలీసు అధిపతి యెజోవ్ సంతకంతో వెళ్లిన 00447 నంబరు ఉత్తర్వులో ప్రాంతాలవారీగా కోటాలు ఉన్నాయి: కాల్చవలసినవాళ్లు దాదాపు 76 వేలు, నిర్బంధ శ్రమ శిబిరాలకు పంపవలసినవాళ్లు 1,93,000. రేషన్ సరుకుకు కోటా కట్టినట్టు మనుషులకు కట్టారు. కోటా చాలలేదు, పెంచండి అని జిల్లాల నుంచి మాస్కోకు టెలిగ్రాములు వచ్చాయి, మాస్కో పెంచింది. యెజోవ్‌ను కూడా 1940లో కాల్చేశారు.

ఇక వెనక్కి వెళితే కాంక్వెస్ట్ ‘ద గ్రేట్ టెర్రర్’ (1968), సోల్జెనిత్సిన్ ‘గులాగ్ ఆర్కిపెలాగో’ ఉన్నాయి (గులాగ్ అంటే ఆ శిబిరాల వ్యవస్థ). రెండోది చరిత్ర గ్రంథం అనడం కంటే, ఎనిమిదేళ్లు శిక్ష అనుభవించిన ఒక ఖైదీ రెండు వందల మందికి పైగా తోటి ఖైదీల మాటలను పోగుచేసి రాసిన వాంగ్మూలం అనడం న్యాయం. దాచిపెట్టిన రాతప్రతుల్లో ఒకటి 1973లో రహస్య పోలీసు సంస్థ కేజీబీ చేతికి చిక్కడంతో ఆయన పారిస్‌లో ప్రచురణకు సరే అన్నారు. తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో దేశం నుంచి వెళ్లగొట్టారు. శిబిరాల చరిత్రగా మాత్రం ఆపిల్‌బామ్ ‘గులాగ్’ (2003) సమగ్రం. ఆడవాళ్ల అనుభవానికి యెవ్గేనియా గింజ్‌బర్గ్ జ్ఞాపకాలు చదవండి: కజాన్ నగరంలో ఉపాధ్యాయినిగా ఉన్న నిబద్ధ పార్టీ సభ్యురాలిని 1937 ఫిబ్రవరిలో పట్టుకెళ్లారు, ఆమెకు జైలు, కోలిమా శిబిరాలు, ప్రవాసం కలిపి 18 ఏళ్లు పట్టింది.

స్టాలిన్‌ను విమర్శించేవాళ్లంతా అమెరికా మనుషులే అని మీ తాతగారి తరంలో కొందరు అనేవారు. ఆ మాట ఎదురైతే రాయ్ మెద్వెదేవ్ రాసిన ‘లెట్ హిస్టరీ జడ్జ్’ (1971) చూపించండి. ఆయన మార్క్సిస్టు, మాస్కోలోనే కూర్చుని రాశాడు, పార్టీ నుంచి బహిష్కరించినా దేశం విడిచిపోలేదు. ఆయన తండ్రి కోలిమా శిబిరంలో చనిపోయాడు.

బీరువాలోని పుస్తకాలను పాత కాగితాలవాడికి అమ్మేయకండి. 1938లో వెలువడిన సోవియట్ పార్టీ చరిత్ర సంగ్రహ పాఠం వాటిలో ఉంటే ముఖ్యంగా దాచుకోండి. స్టాలిన్ స్వయంగా దిద్దిన పుస్తకం అది. ఆ ఏడాది మార్చిలో కాల్చి చంపిన ఒకప్పటి పార్టీ అగ్రనాయకుడు బుఖారిన్ అదే ఏడాది శరత్కాలంలో వచ్చిన ఆ పుస్తకంలో గూఢచారిగా కనిపిస్తాడు. జరిగినదానికి అది సాక్ష్యం కాకపోయినా, జనం ఏం నమ్మాలని పాలకుడు కోరుకున్నాడో చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

ప్రశ్న: స్టాలిన్ ఆరు కోట్ల మందిని చంపాడని ఒకచోట, కొన్ని వేల మంది ద్రోహులనే శిక్షించాడని మరొకచోట చదివాను. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూ కావు. రహస్య పోలీసు శాఖ సొంత లెక్క ప్రకారమే 1937, 1938 సంవత్సరాల్లో 6,81,692 మందిని కాల్చి చంపారు. 1930 నుంచి 1953 దాకా శిబిరాల గుండా, ఖైదీల శ్రమ కాలనీల గుండా దాదాపు 1.8 కోట్ల మంది వెళ్లారు. అక్కడ నమోదైన మరణాలు 16 లక్షల దాకా ఉన్నాయి. చావు దగ్గరపడ్డ ఖైదీలను విడుదల చేసి పంపించడం మామూలే కాబట్టి అసలు సంఖ్య అంతకంటే ఎక్కువ. కరువు చావులు, తెగలకు తెగలను ఊళ్లనుంచి పెకలించి తరలించినప్పటి చావులు వీటికి అదనం. కాంక్వెస్ట్ లాంటివాళ్లు 1968లో శిబిరాల్లోని ఖైదీల సంఖ్యను బాగా ఎక్కువగా ఊహించారు. 1938 ప్రారంభంలో శిబిరాల్లో, కాలనీల్లో కలిపి ఉన్నది 19 లక్షల లోపే అని తర్వాత దస్తావేజుల్లో తేలింది. అంచనా తగ్గింది కదా అని నేరం తగ్గిందనుకునేవాళ్లకు కాటిన్ ఉదంతం చెప్పండి. 1940లో దాదాపు 22 వేల మంది పోలండ్ అధికారులను, పోలీసులను, ఇతర ఖైదీలను చంపించి, ఆ పాపం జర్మన్లదేనని చెప్పుకుంటూ వచ్చి, చివరికి 1990లో గానీ సోవియట్ ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ప్రశ్న: ఈ చరిత్రకు మన నేలతో ఏమైనా సంబంధం ఉందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: రెండు చోట్ల సూటిగా తగులుతుంది. సరోజినీ నాయుడు తమ్ముడు, 1880లో హైదరాబాదులో పుట్టిన వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ బెర్లిన్ నుంచి బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా పనిచేసి, చివరికి సోవియట్ దేశం చేరి లెనిన్‌గ్రాడ్‌లో పరిశోధక ఉద్యోగంలో కుదురుకున్నాడు. 1937 జులైలో అరెస్టు చేశారు, సెప్టెంబరు 2న కాల్చేశారు. నిరోద్ బారువా రాసిన ‘చట్టో’ (2004) ఆయన జీవిత చరిత్ర. రెండోది మీ జిల్లాకు మరీ దగ్గరిది: తెలంగాణ సాయుధ పోరాటం సాగుతుండగా 1951 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ నాయకులు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. చైనా విప్లవానికి సోవియట్ దేశం వెన్నుదన్నుగా ఉందనీ, భారత్‌కు అలాంటి వెనుక నేల లేదనీ స్టాలిన్ అన్నట్టు తర్వాత బయటపడిన సంభాషణ రికార్డు చెబుతోంది. ఆ అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

మన దేశంతో ముడిపడ్డ మరో పుస్తకం కూడా ఉంది. స్టాలిన్ కూతురు స్వెత్లానా, తన జీవిత సహచరుడు బ్రజేష్ సింగ్ అస్థికలతో 1966 డిసెంబరులో ఇక్కడికి వచ్చి, ఉత్తరప్రదేశ్‌లోని కాలాకాంకర్‌లో గంగ ఒడ్డున కొన్నాళ్లు గడిపి, 1967 మార్చి 6న ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయంలోకి నడిచి వెళ్లి ఆశ్రయం అడిగింది. 1963లోనే రాసి పెట్టుకున్న ఆమె జ్ఞాపకాలు ‘ట్వెంటీ లెటర్స్ టు ఎ ఫ్రెండ్’ పేరుతో ఆ ఏడాదే వెలువడ్డాయి. మొదటి ఉత్తరం 1953 మార్చిలో తండ్రి మంచం పక్కన మొదలవుతుంది. ఖ్లెవ్‌న్యూక్ కాగితాల సాయంతో మనల్ని తీసుకెళ్లిన ఇంట్లోనే ఆమె నిలబడి ఉంటుంది.