చిరుధాన్యాల మిల్లుకు రెండు రూపాయల వడ్డీయా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. అయిదెకరాల మెట్ట. వేరుశనగ మాని మూడేళ్లుగా ప్రకృతి వ్యవసాయంలో కొర్రలు, రాగులు, కంది పండిస్తున్నాను. నా భార్య అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు నెలకు 18,000. చిరుధాన్యాల మిల్లు కోసం బంగారం మీద 4 లక్షలు, తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తేవాలనుకుంటున్నాను. బ్యాంకులో ఉన్న 1,20,000 కూడా ఇందులో పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. ఆశయం మంచిదైతే దాని కోసం చేసే అప్పూ మంచిదేనని నమ్మి రాసేవారు ఎక్కువయ్యారు. మొన్న ఒకరిది గానుగ, ఈసారి మీది మిల్లు. యూరియా మానేస్తే పొలం నుంచి భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ వాయువు తగ్గుతుంది, నిజమే. బియ్యంలో కన్నా రాగుల్లో కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువ, అదీ నిజమే. అప్పు ఇచ్చినవారు వీటిని చూసి వడ్డీ తగ్గించరు కదా!

రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు 72,000. బంగారం అప్పుకు 10 శాతమే అనుకున్నా మరో 40,000. మొత్తం 1,12,000. మీ జిల్లాలో ఒక్క వాన మొహం చాటేస్తే ఇది ఎక్కడి నుంచి కడతారు?

ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలంటాను. వానను నమ్ముకున్న రైతుకు పన్నెండు నెలలది ఉండాలి. అంటే 2,16,000. మీకు తక్కువ పడుతున్నది 96,000. కట్టబోయే ఒక్క ఏడాది వడ్డీకన్నా తక్కువే! ముందు అది పూడ్చండి. ఏటా పంట అమ్మే ముందే ఇంటికి సరిపడా రాగులు, కొర్రలు, కందులు గాదెలో పోయండి. పిల్లల జావకూ పప్పుకూ అంగడికి వెళ్లే పని తప్పితే నెల ఖర్చు తగ్గుతుంది, దాచాల్సిన మొత్తమూ తగ్గుతుంది.

అసలు రాగులకు పొట్టు తీసే యంత్రంతో పనే లేదు, పిండిమర చాలు. కొర్రలను పొట్టుతో ఉంచితే ఎక్కువ కాలం నిలుస్తాయి. కొనేవారు దొరికినప్పుడు కూలికి ఆడించుకోండి. రెండేళ్లు అలా అమ్మి చూశాక మిల్లు సంగతి. అప్పుడు కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకం (పీఎంఎఫ్‌ఎంఈ) కింద 35 శాతం రాయితీ ఇంకా అమల్లో ఉందేమో బ్యాంకులో అడగండి.

బ్యాంకు ఖాతా ద్వారా ఏటా 20 రూపాయలకు వచ్చే ప్రమాద బీమా (పీఎం సురక్షా బీమా), 436 రూపాయలకు వచ్చే జీవిత బీమా (పీఎం జీవన్ జ్యోతి) ఇద్దరి పేరా లేకపోతే ఈ వారమే తీసుకోండి. రెండు రూపాయల అప్పు మాట్లాడి ఉంటే ఈ రోజే వద్దని చెప్పండి.