యూకేజీ పాపకి తెలుగు చదవడం ఎక్కడ మొదలుపెట్టాలంటే

ఐదేళ్ల పాప, బెంగళూరులో యూకేజీ, ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, వచ్చే ఏడాది ఒకటో తరగతిలో కన్నడ కూడా మొదలవుతుంది, అందాకా ఆగాలా అని అడిగారు. ఆగకండి. కన్నడ అక్షరాలు రాకముందున్న ఈ కొన్ని నెలలే మంచి అదను.

ముందు చెవి సంగతి చూడండి. ‘కాలు’, ‘గాలి’ మొదలయ్యే శబ్దాలు వేరని పట్టగలదా? చప్పట్లు కొడుతూ ‘ప-డ-వ’ అని విడగొట్టగలదా? లేకపోతే రెండు మూడు వారాలు ఈ ఆటే ఆడించండి, పుస్తకం తీయొద్దు.

అఆల నుంచి బండి ఱ దాకా వల్లె వేయిస్తే వరస నోటికొస్తుంది, అంతే. మధ్యలో ‘ధ’ చూపిస్తే మళ్లీ మొదట్నించీ చదువుకుంటూ రావాలి. ప, డ, వ, గ, ల, క, త. ఈ ఏడూ చాలు, వారానికి రెండు, రోజుకి పది నిమిషాలు. గుణింతం లేకుండానే వల, వడ, పడవ, గడప, పలక చదివేస్తుంది. ‘తలగడ’ తనంతట తాను చదివిన రోజు ఆ మొహం చూడాలి! ‘క... ల’ అని ఆగి ఆగి చదువుతుంటే, వేలు ఎత్తకుండా అక్షరాల కింద జార్చమనండి.

తర్వాత దీర్ఘం, వెంటనే కొమ్ము. గుణింతం వరసలో గుడి ముందొస్తుంది గానీ, మన మాటలు చాలావాటికి చివర ‘ఉ’ ఉంటుంది: పాలు, కాలు, తలుపు. ఇక్కడే ఒక చిక్కు. కు, లు, తులలో పక్కన ఉండే కొమ్ము పు, వులలో కిందికి దిగుతుంది. ‘వ’ పక్కన పెడితే అది ‘మ’ అయిపోతుంది మరి! పలక మీద రెండూ రాసి చూపించండి. అందుకే ‘మ’ని అప్పటిదాకా ఆపాలి.

ఒత్తులు ‘లడ్డు’తో మొదలెట్టండి, ఒత్తు అక్షరంలాగే ఉంటుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకి అక్షరంతో పోలికే ఉండదు, కాబట్టి ‘అమ్మ’, ‘అన్న’ లాంటి మాటలు ఆ తర్వాతే.

రాత ఇంకా తర్వాత. వేళ్లకి పట్టు రాకముందే దిద్దిస్తే చదవడం మీద కూడా విసుగు పుడుతుంది.

కన్నడ వచ్చాక గ, ద, న, ర రెండింట్లోనూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. తేడా తలకట్టులో ఉంది: మనది టిక్కు గుర్తులా పైకి లేస్తుంది, కన్నడది అడ్డగీతలా ఉంటుంది. బస్సు బోర్డు చూసి కలిపి చదివితే తప్పనకండి, ‘అది కన్నడ గ’ అని పేరు పెట్టి చెప్పండి.