అంతరిక్షంలో వీరమరణం?

సందేహం: అంతరిక్ష వారోత్సవాల కోసం మా బడిలో ఒక బోర్డు తయారు చేస్తున్నాం. అమెరికా, సోవియట్ యూనియన్ పోటీపడిన రోజుల్లో చనిపోయినవాళ్ల గురించి. పైన “అంతరిక్షంలో వీరమరణం పొందిన వ్యోమగాములు, వారి కుటుంబాలకు నివాళి” అని రాశాం. వీరమరణం అనేది యుద్ధంలోనే అంటారని, ‘అమరులు’ అని మార్చమని తోటి ఉపాధ్యాయుడు అంటున్నారు. రోజర్ చాఫీ అసలు అంతరిక్షానికి వెళ్లనే లేదు కదా, ఆయన వ్యోమగామి ఎలా అవుతాడని ఒక పిల్లవాడు అడిగాడు. పేర్ల ముందు ‘కీ.శే.’ పెట్టవచ్చా? దయచేసి చెప్పగలరు.
– ఒక ఉపాధ్యాయురాలు, నెల్లూరు

సమాధానం: పిల్లవాడి ప్రశ్నతోనే మొదలుపెడదాం, అన్నిట్లోకీ అదే గట్టిది. చాఫీ ఒక్కసారి కూడా అంతరిక్షానికి వెళ్లలేదు, నిజమే. 1967 జనవరి 27న గస్ గ్రిసమ్, ఎడ్ వైట్‌లతో పాటు అమెరికా నౌక అపోలో-1 క్యాబిన్‌లో మంటలంటుకుని చనిపోయాడు. అదే ఆయన మొదటి యాత్ర కావలసింది. అయినా వ్యోమగామి అనవచ్చు. ‘గామి’ అంటే వెళ్లేవాడు. వెళ్లొచ్చి ఉండాలని ఆ మాటలో ఎక్కడా లేదు. ‘ఆగామి’ అంటే రాబోయేదనే కదా అర్థం. పెళ్లి కాకముందే పెళ్లికొడుకు అంటాం, ఎవరూ తప్పు పట్టరు.

తప్పు పట్టవలసింది మీ శీర్షికలోని ‘అంతరిక్షంలో’ని. ఈ ‘లో’ పాత వ్యాకరణాల్లో షష్ఠీ విభక్తి జాబితాలో ఉంటుంది కానీ, ఇక్కడ చేసే పని చోటు చూపించడం. అది చూపిస్తున్న చోటు సరైనది కాదు. అపోలో-1 నేల మీదే ఉంది. ఫ్లోరిడాలోని కేప్ కెనడీలో, ఇంధనం నింపని రాకెట్ మీద రిహార్సల్ జరుగుతోంది. అంతకు ఆరేళ్ల ముందు, 1961 మార్చిలో, సోవియట్ శిక్షణార్థి వాలెంటీన్ బొండరెంకో శిక్షణ గదిలో మంటలంటుకుని చనిపోయాడు. అతనికి 24 ఏళ్లు. వ్లదీమిర్ కొమరోవ్ అంతరిక్షానికి వెళ్లాడు కానీ, 1967 ఏప్రిల్ 24న తిరిగి వస్తుండగా సోయుజ్-1 పారాచూట్ సరిగా విచ్చుకోక, నౌక నేలను ఢీకొని మరణించాడు.

నిజంగా అంతరిక్షంలోనే చనిపోయినవాళ్లు ఇప్పటివరకు ముగ్గురే, ముగ్గురూ సోవియట్ వ్యోమగాములు: దొబ్రోవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్. సాల్యూట్ అనే అంతరిక్ష కేంద్రంలో మూడు వారాలకు పైగా ఉండి, 1971 జూన్ 30న సోయుజ్-11 నౌకలో భూమికి తిరిగివస్తున్నారు. నౌక భాగాలు విడిపోయే సమయంలో, దాదాపు 168 కిలోమీటర్ల ఎత్తున, ఒక వాల్వ్ తెరుచుకుని లోపలి గాలంతా బయటికి పోయింది. వాళ్ల ఒంటి మీద ప్రెషర్ సూట్లు లేవు. నౌక మాత్రం మామూలుగానే నేలకు దిగింది. తలుపు తీసినవాళ్లకు గానీ సంగతి తెలియలేదు. కల్పనా చావ్లా గురించి రాసేటప్పుడు కూడా మన పత్రికలు ‘అంతరిక్షంలో’ అనేస్తుంటాయి. 2003లో ఆమె ఉన్న కొలంబియా నౌక ముక్కలైంది వాతావరణంలోకి ప్రవేశించాక. మీ బోర్డు మీద ‘అంతరిక్ష ప్రయత్నాల్లో’ అనండి, అందరికీ సరిపోతుంది.

ఇక వీరమరణం. యుద్ధానికి మాత్రమే అని ఇప్పుడు గిరి గీయలేం. విధి నిర్వహణలో చనిపోయిన పోలీసుకూ, అగ్నిమాపక సిబ్బందికీ వాడుతూనే ఉన్నాం. నా అభ్యంతరం వేరే. ఈ మాటలో ఎదురుగా ఒక శత్రువు ఉంటాడు. అపోలో-1లో ఎవరు శత్రువు? స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపిన క్యాబిన్, వైర్ల మధ్య ఎక్కడో పుట్టిన నిప్పురవ్వ, లోపలి వైపు తెరుచుకునే తలుపు. మంటలతో లోపల పీడనం పెరిగి ఆ తలుపు బిగుసుకుపోయింది. తర్వాత దాన్ని బయటికి, క్షణాల్లో తెరుచుకునేలా మార్చారు. నేల మీద ఉన్నంతసేపు క్యాబిన్ గాలిలో నైట్రోజన్ కలపడం మొదలుపెట్టారు. అంటే, ముందే దిద్దుకోదగ్గ లోపాలు. వీరమరణం అనగానే పిల్లలు తల వంచి నిలబడతారు తప్ప, ‘ఎలా జరిగింది టీచర్?’ అని అడగరు. అడగాలి కదా.

‘ప్రాణత్యాగం’, ‘ప్రాణాలర్పించారు’ కూడా ఇలాంటివే. త్యాగం అంటే తన చేత్తో తాను ఇచ్చేది. వీళ్లు ఇవ్వలేదు, పోగొట్టుకున్నారు. గ్రిసమ్ భార్య బెటీ ఆ నౌకను తయారు చేసిన కంపెనీ మీద దావా వేసి, 1972లో 3.5 లక్షల డాలర్ల పరిహారం రాబట్టారు. త్యాగం అన్న మాటతో సరిపెట్టుకునే మనిషైతే కోర్టు దాకా వెళ్లేవారు కాదు. అలాగని వాళ్ల ధైర్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు. దానికి మనకు ‘ప్రాణాలకు తెగించడం’ ఉంది. త్యాగం లెక్క చనిపోయాక వేస్తారు, తెగింపు బతికుండగా చూపేది. ప్రమాదం ఉందని తెలిసే వాళ్లు ఆ సీట్లలో కూర్చున్నారు. ‘దుర్మరణం’ మాత్రం వద్దు. మర్నాటి వార్తకు సరే గానీ, స్మారకం మీద బాగుండదు.

‘అమరులు’ తప్పేమీ కాదు. ఆ మాట వింటే హైదరాబాద్‌లో చాలామందికి గన్‌పార్క్‌లోని తెలంగాణ అమరవీరుల స్తూపం గుర్తొస్తుంది, అది వేరే సంగతి. నన్ను ఆపుతున్నది బొండరెంకో. అతని మరణాన్ని సోవియట్ ప్రభుత్వం 1986 దాకా బయటపెట్టలేదు. పాతికేళ్ల పాటు దాచేసిన మనిషిని అమరుడనడం నాకు కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. 1971 ఆగస్టులో అపోలో-15 సిబ్బంది చంద్రుడి మీద ఒక చిన్న అల్యూమినియం బొమ్మనూ, 14 పేర్ల ఫలకాన్నీ ఉంచి వచ్చారు. అమెరికన్లు, సోవియట్‌లు కలిసిపోయి అక్షర క్రమంలో ఉంటారు. పేరు ముందు హోదా లేదు, బిరుదు లేదు. జబ్బుతో పోయిన సోవియట్ వ్యోమగామి బెల్యాయెవ్ కూడా అందులో ఉన్నాడు. బొండరెంకో లేడు, అప్పటికి ఆ పేరే వాళ్లకు తెలియదు. మీరు తప్పక రాయండి.

మీరు అడగలేదు గానీ, అసలు చిక్కు ‘నివాళి’తో ఉంది. పూర్వం నివాళి అంటే హారతి. దేవుడికీ, పెళ్లికూతురికీ కూడా ఇచ్చేవారు. ఇవాళ అది చనిపోయినవారికి తప్ప వాడరు. ‘వారి కుటుంబాలకు నివాళి’ అంటే ఆ కుటుంబాలనూ చంపేసినట్టే! పైగా ఆ కుటుంబాలు ఊరికే ఏడుస్తూ కూర్చోలేదు. అపోలో-1 అన్న పేరును నాసా ఉంచింది ఆ ముగ్గురి భార్యలు కోరితేనే. కొమరోవ్, గగారిన్‌ల పతకాలు వాళ్ల భార్యల చేతుల్లోంచి వచ్చి, 1969 జులైలో అపోలో-11తో పాటు చంద్రుణ్ణి చేరాయి. కాబట్టి ‘వీరపత్నులు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఎవరేం చేశారో ఒక్కో వాక్యం రాయండి. ‘వితంతువులు’ అసలే వద్దు.

శీర్షిక ఇలా ఉండవచ్చు: “అంతరిక్ష ప్రయత్నాల్లో ప్రాణాలు కోల్పోయిన వ్యోమగాములకు నివాళి – వారి కుటుంబాలకు వందనం”.

కీ.శే. పెట్టవచ్చు. కీర్తిశేషులంటే కీర్తి మాత్రమే మిగిలినవారు, ఆ మాటకు మతం పట్టింపు లేదు. ‘స్వర్గీయ’కు ఉంది. అయితే చరిత్రకెక్కినవారికి అదేమీ అవసరం లేదు. కీ.శే. గగారిన్ అని ఎవరైనా రాస్తారా?