తాలింపు పెడితే మోగే డబ్బా

మొన్న శనివారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఆగస్టులో అమెరికాకి చదువుకి వచ్చాడు. "అన్నా, తాలింపు పెట్టినప్పుడల్లా సీలింగ్ మీద అలారం చెవులు చిల్లులు పడేలా కొడుతోంది. బ్యాటరీ పీకి డ్రాయర్‌లో పడేశాం. లీజులో దీనికేమన్నా ఫైన్ ఉంటుందా?" అన్నాడు.

ఫైన్ సంగతి తర్వాత, ముందు ఆ డబ్బా మీద ఏం రాసుందో చదవమన్నాను. "స్మోక్ అండ్ కార్బన్ మోనాక్సైడ్" అని చదివాడు. అంటే పోపు పొగ మీద కోపంతో వీళ్లు పీకేసింది పొగ అలారం ఒక్కటే కాదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పసిగట్టే అలారం కూడా. రెండు బెడ్‌రూమ్‌లలో నలుగురు కుర్రాళ్లు, ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నెస్, బయట షికాగో నవంబరు చలి. కిటికీ తెరిచే ప్రసక్తే లేదు.

మనకి గ్యాస్ ప్రమాదం అంటే వాసన. ఊళ్లో సిలిండర్ లీకైతే పక్కింటివాళ్లకీ తెలుస్తుంది, ఎందుకంటే ఆ కంపు కావాలని కలుపుతారు. ఇక్కడ పైపులో వచ్చే గ్యాస్‌కీ కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌ని ఎవరూ మనకి సరఫరా చెయ్యరు, కాబట్టి దానికి వాసన కలిపేవాడూ లేడు. గ్యాసో, పెట్రోలో, బొగ్గో, కట్టెలో గాలి చాలక అరకొరగా కాలినప్పుడు పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బయటి గాలికి వచ్చాక కూడా అందులో సగం వదలడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అందుకే ఆస్పత్రిలో మాస్కు పెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎక్కిస్తారు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. 2009 జనవరి, షికాగో దగ్గర అరోరాలో ఒక అద్దె టౌన్‌హౌస్. వారం మధ్యలో నాకూ మా ఆవిడకీ తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలైంది. ఫ్లూ అనుకుని మిరియాల చారు కాచుకున్నాం. ఆఫీసుకెళ్తే తగ్గేది, ఇంటికొస్తే మళ్లీ మొదలయ్యేది. ఆఫీసంటేనే ఇష్టం పెరిగిందేమో అని జోకులు కూడా వేసుకున్నాం. ఆదివారం రాత్రి అలారం మోగింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, బటన్ నొక్కి దాని నోరు మూయించి పడుకున్నాను. రెండోసారి మోగితే మా ఆవిడ నన్ను అడక్కుండా ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసింది. ఫైర్ వాళ్లు మమ్మల్ని మంచులో నిలబెట్టి, మీటర్ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగారు. వాటర్ హీటర్ మీంచి చిమ్నీకి వెళ్లే రేకు గొట్టం అతుకు దగ్గర ఊడిపోయి ఉంది. చిమ్నీలోంచి పోవాల్సిందంతా ఇంట్లోకే వస్తోంది.

బిల్లుకి భయపడి 911కి ఫోన్ చెయ్యని పిల్లలున్నారని తెలుసు. ఫైర్ ట్రక్ వచ్చి చూసి వెళ్లినందుకు మాకు ఒక్క డాలరూ పడలేదు. అంబులెన్స్ ఎక్కితే పడుతుంది, నిజమే. కానీ మాట తడబడుతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఎవరైనా స్పృహ తప్పినా ఆ లెక్కలు చూసుకునే సమయం కాదది.

జ్వరం లేకుండా ఫ్లూ లాంటి నీరసం, ఇంట్లో అందరికీ ఒకేసారి, బయటికెళ్తే తగ్గడం. ఈ మూడూ కలిస్తే ముందు అందరూ బయటపడి, అక్కణ్ణుంచి ఫోన్ చెయ్యండి. కోవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుని "98 ఉంది, బాగానే ఉన్నాను" అనుకోకండి. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ ఈ విషవాయువు పట్టుకున్నదానికీ తేడా దానికి తెలియదు.

ఫర్నెస్ పాడవడం ఇక్కడ ఎవరికైనా జరిగేదే. మనవాళ్లు ప్రత్యేకంగా చేసేవి వేరే ఉన్నాయి. ఇల్లంతా వాసనొస్తుందని గరాజ్‌లో ప్రొపేన్ స్టవ్ పెట్టి, చలికి తలుపు సగం దించి, యాభై మందికి బిర్యానీ వండటం ఒకటి. ఇంకోటి చెప్పాలంటే నాకే ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే అది ప్రేమతో చేసే పని. పురిటికి సాయానికొచ్చిన అమ్మమ్మ, చంటిబిడ్డ తలంటు అయ్యాక, గ్రిల్ కోసం అమ్మే బొగ్గులు రాజేసి గదిలో సాంబ్రాణి వెయ్యడం. పెంకుటింట్లో ఆ పొగ సందుల్లోంచి పోయేది. ఇక్కడి ఇళ్లు వేడి పోకుండా బిగించి కడతారు. పసిబిడ్డకి ఈ వాయువు మరీ చేటు. అమ్మమ్మ గారికి ఎవరో ఒకరు నెమ్మదిగా చెప్పాలి, వీలైతే అల్లుడు కాకుండా కూతురు చెప్పాలి.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు, వెచ్చదనం కోసం గరాజ్‌లో కారు ఆన్ చేసుకున్నవాళ్లూ, ఇంట్లోకి బొగ్గుల గ్రిల్ తెచ్చుకున్నవాళ్లూ వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. కొందరు మిగల్లేదు. గరాజ్ తలుపు తెరిచే ఉంచాం అన్నా సరిపోదు. జనరేటర్ ఉంటే కిటికీలకీ తలుపులకీ కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయటే ఉండాలి. షికాగో వైపు మంచు పడినప్పుడు కారు సైలెన్సర్ గొట్టం చుట్టూ తవ్వాకే ఇంజన్ ఆన్ చెయ్యండి. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి హీటర్ వేసి తవ్వడం వద్దు. ఫర్నెస్ పొగ గొట్టం గోడలోంచి బయటికొచ్చే చోటు కూడా మంచులో కూరుకుపోతుంది, అదీ చూసుకోండి.

షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో 2007 నుంచి పడుకునే గదులకి 15 అడుగుల లోపు కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అలారం ఉండాలని చట్టం. పెట్టించాల్సింది ఓనర్. పనిచేస్తోందో లేదో చూసుకుని, పాడైతే రాతపూర్వకంగా చెప్పాల్సింది మనం. నాలుగు కూతలు, కాస్త ఆగి మళ్లీ నాలుగు, అంటే అసలు ప్రమాదం. నిమిషానికొకసారి కిచ్‌మంటే బ్యాటరీ అయిపోయిందని. వాయువు తక్కువ మోతాదులో ఉంటే ఇది గంట నుంచి నాలుగు గంటల తర్వాత గానీ కొట్టదు, కాబట్టి మోగిందంటే అప్పటికే మీరు పీల్చేశారు. తాలింపు గోల భరించలేకపోతే ప్లగ్‌కి పెట్టుకునే సీఓ అలారం విడిగా కొనుక్కోండి. దానికి ఇంగువ, ఎండుమిర్చితో పనిలేదు.

తమ్ముడి చేత ఫోన్‌లో ఉండగానే బ్యాటరీ పెట్టించాను. కిచ్‌మని ఊరుకుంది. వెనక తయారీ తేదీ చూడమన్నాను. 2012 అన్నాడు. వీటి ఆయుష్షు మహా అయితే పదేళ్లు. మేనేజ్‌మెంట్‌కి ఈమెయిల్ సోమవారం రాద్దువు గానీ, ముందు కొత్త అలారం కొనడానికి షాపు మూసేలోపు బయల్దేరమన్నాను.