నీలి అమరిల్లిస్‌కు నీళ్లు ఆపొద్దు

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం నీలి అమరిల్లిస్ మొక్క తెచ్చి కుండీలో పెట్టాను. ఇంతవరకు పూయలేదు. మామూలు అమరిల్లిస్‌కు చేసినట్టే రెండు నెలలు నీళ్లు ఆపి చూశాను. ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, దుంప అడుగున మెత్తబడింది. ఏం చేయాలి?

సమాధానం: నీళ్లు ఆపడమే దెబ్బతీసింది. మామూలు అమరిల్లిస్‌ను ఎండబెడితే దుంప విశ్రాంతి తీసుకుని పూకాడ వేస్తుంది. మీ దగ్గరున్నది వేరే మొక్క, దాని శాస్త్రీయ నామం వోర్స్‌లేయా ప్రోసెరా. బ్రెజిల్‌లోని ఆర్గన్ పర్వతాల్లో, జలపాతాల పక్కన నిట్టనిలువు గ్రానైట్ బండల మీద పెరిగే మొక్క. తుంపర, గాలి, ఎండ మూడూ దానికి అలవాటే. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, విశ్రాంతి కాలమంటూ లేదు. వేర్లు తడిగా ఉండాలి, కానీ వాటి చుట్టూ గాలి ఆడాలి. ఎండిపోయి చచ్చిన వేర్లకు మళ్లీ నీళ్లు తగిలితే కుళ్లు మొదలై దుంపలోకి పాకుతుంది. మీకు జరిగింది బహుశా ఇదే.

దుంపను బయటకు తీసి మట్టి కడిగేయండి. మెత్తబడిన భాగాన్ని, గోధుమ రంగు వేర్లను గట్టి తెల్లటి కండ కనిపించేదాకా పదునైన కత్తితో కోసేయండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంద్రాలను చంపే మందు) కలిపి అందులో కాసేపు ముంచి, రెండు మూడు రోజులు నీడన ఆరనివ్వండి. మళ్లీ తోట మట్టి జోలికి పోవద్దు. గ్రానైట్ చిప్స్, పెర్లైట్ లేదా ప్యూమిస్ రాళ్లు ఎక్కువగా, కొబ్బరి పొట్టు బాగా తక్కువగా కలపండి. పైన పోసిన నీళ్లు క్షణాల్లో అడుగున కారిపోవాలి. దుంపలో ఎక్కువ భాగం, పైనున్న పొడవాటి మెడ బయటే ఉండాలి.

వేర్లు పట్టేదాకా నీళ్లు పొదుపుగా ఇవ్వండి. ఆ తర్వాత వేడి రోజుల్లో రోజూ పోసినా భయం లేదు. వారానికోసారి లీటరు నీటికి అర గ్రాము 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) చాలు. ఎండ బాగా తగలాలి, కుండీ మాత్రం కాలకూడదు. రాత్రిళ్లు చల్లబడని చోట దీన్ని పూయించడం నిజంగా కష్టం. కొడవలిలా వంగిన ఆకులు వరసగా కొత్తవి వస్తున్నాయంటే మొక్క కుదురుకున్నట్టే. అప్పటిదాకా పూల గురించి టెన్షన్ పడకండి, కుండీ కూడా మార్చకండి. వేర్లు కదిపిన ప్రతిసారీ పూత వెనక్కి పోతుంది.

ఈ మొక్క పిలకలు అరుదుగా వేస్తుంది. విత్తనాలతో పెంచాలనుకుంటే తాజావి తీసుకుని నీళ్లపై తేలేలా వేయండి. వేరు బయటకు రాగానే సన్న రాతి పొడిలోకి మార్చండి. ఆ మొక్కలు పూతకు రావడానికి కనీసం ఆరేడేళ్లు పడుతుంది.