లైసెన్స్ అక్కర్లేని తుపాకీ చట్టం, వీసా మీద ఉన్న మనవాళ్లు

టెక్సస్‌లో లైసెన్స్ లేకుండానే తుపాకీ వెంట ఉంచుకోవచ్చట కదా, మేమూ ఒకటి కొనుక్కోవచ్చా అని డాలస్ ప్రాంతానికి కొత్తగా వచ్చిన విద్యార్థులు, ఉద్యోగులు తరచూ అడుగుతున్నారు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 వీసాల మీద ఉన్నవారికి నా సమాధానం ఒక్కటే: కొనవద్దు, ఎవరిదైనా తీసుకుని దగ్గర ఉంచుకోవద్దు.

గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకంతో 2021 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌బీ 1927 అనే టెక్సస్ చట్టం తొలగించింది రాష్ట్రం జారీ చేసే లైసెన్స్ నిబంధనను మాత్రమే. చట్టరీత్యా తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవారే దానిని దుస్తుల చాటున గానీ, పైకి కనిపించేలా ఒరలో గానీ పెట్టుకుని తిరగవచ్చు. ఆ అర్హత విషయంలో ఫెడరల్ చట్టాన్ని, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టాన్ని కూడా చూడాలి. తాత్కాలిక వీసా మీద దేశంలోకి వచ్చినవారి దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉన్నా అది నేరమంటుంది ఆ చట్టం. 2024 నాటికి 29 రాష్ట్రాలు లైసెన్స్ నిబంధనను ఎత్తివేసినా, వాటిలో ఏ రాష్ట్రానికి మారినా ఈ నిషేధం మీకు తప్పదు. 2022 సవరణ తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు.

తుపాకీ మీ పేరు మీద లేకపోయినా ప్రమాదం తప్పదు, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. భార్యకు హెచ్-4, భర్తకు గ్రీన్ కార్డు ఉన్న ఇంట్లో తుపాకీ పెట్టిన లాకర్ నంబరు ఆమెకు కూడా తెలిస్తే, అది ఆమె అధీనంలోనూ ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించగలడు. రూమ్మేట్ కారును మీరు నడుపుతున్నప్పుడు డ్యాష్‌బోర్డు అరలో అతని తుపాకీ ఉన్నదని మీకు తెలిసినా అంతే. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకున్న తుపాకీని కాసేపు చేతపట్టినా ఈ నిషేధం కిందికే వస్తుంది. అక్కడ దిగిన ఫొటోలను సోషల్ మీడియాలో పెడితే మీకు వ్యతిరేకంగా సాక్ష్యాన్ని మీరే ఇచ్చినట్టు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉన్నది నిజమే గానీ, న్యాయవాదిని సంప్రదించకుండా స్నేహితుల మాట నమ్మి దాని మీద ఆధారపడకండి.

గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ వీసా నిషేధం లేదు. అయినా తుపాకీ నేరం రుజువైతే వారిని సైతం దేశం నుంచి పంపించివేయవచ్చు గనుక, టెక్సస్‌లో ఇప్పటికీ ఇస్తున్న లైసెన్స్‌ను తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. పాఠశాలకు వెయ్యి అడుగుల లోపు తుపాకీతో తిరగడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తున్నది. ఆ పాఠశాల ఉన్న రాష్ట్రపు లైసెన్స్ ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది, లేనివారు పిల్లలను బడి దగ్గర దింపడానికి వెళ్లినా చిక్కుల్లో పడవచ్చు. అక్కడే కూర్చుని తాగే మద్యం అమ్మకమే ప్రధాన ఆదాయమైన చోట ఎర్రని అంకెలతో 51 శాతం అని బోర్డు ఉంటుంది. లైసెన్స్ ఉన్నవారైనా తుపాకీతో అక్కడ లోపలికి వెళ్లకూడదు.